వరుంగ్‌లో తిన్నాకే ఉబుద్ విందుకు

ఇండోనేషియా వెళ్ళాలని అక్కకీ నాకూ చాన్నాళ్ళుగా ఉంది, కానీ ఈసారి టికెట్లు తీసుకున్నది బీచ్‌ల కోసమో గుళ్ళ కోసమో కాదు, తిండి కోసమే. అక్కడ కొత్త తరం వంటవాళ్ళు తమ దీవుల వంటల్ని పెద్ద రెస్టారెంట్లలో, ఒక్కో వంటకం వరసగా వడ్డించే పద్ధతిలో పెడుతున్నారని వింటున్నాం. అలాంటి చోట ఒక్క రాత్రైనా తినాలని, బాలి దీవిలోని ఉబుద్‌లో ఒక బల్ల రెండు నెలల ముందే బుక్ చేసుకున్నాం. అయితే ఆ భోజనం ప్రయాణం చివర్లోనే ఉండాలని నేను పట్టుబట్టాను. పాత వంట ఎలా ఉంటుందో నాలుకకు తెలియకుండా కొత్త వంట బాగుందో లేదో ఎలా చెప్తాం? అందుకని ముందు రోడ్డు పక్క వరుంగ్‌లు (చిన్న తిండికొట్లు), బజార్లు, ఆ తర్వాతే తెల్లగుడ్డ పరిచిన బల్ల.

శుక్రవారం, జకార్తా

హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ మీదుగా వచ్చాం. వీసా ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు, ఐదు లక్షల రుపియా, నెల రోజులు ఉండనిస్తారు. లక్షలు అనగానే కంగారు పడకండి, మన రూపాయికి నూట ఎనభైకి పైగా రుపియాలు వస్తాయి.

గదిలో సామాను పెట్టేసి నేరుగా పడాంగ్ భోజనానికి వెళ్ళాం. పడాంగ్ పశ్చిమ సుమత్రాలో ఊరు, ఆ ప్రాంతపు మినంగ్‌కబావ్ వాళ్ళు దేశమంతా వెళ్ళి భోజనహోటళ్ళు పెట్టారు, ఇండోనేషియాలో ఏ ఊరికెళ్ళినా ఒకటి కనిపిస్తుంది. కూర్చోగానే ఏం కావాలని అడగరు. కుర్రాడు ఎడమచేతి మీద మణికట్టు నుంచి మోచేతి పైదాకా ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని వచ్చి, కుడిచేత్తో బల్లంతా నింపేస్తాడు. ముట్టుకున్నవాటికే డబ్బు, మిగతావి వెనక్కి పోతాయి. మేం గొడ్డుమాంసం తినం కాబట్టి అందరూ చెప్పే రెండాంగ్ వద్దని ముందే చెప్పాం, అయినా కోడికూర, పనసకాయ గులై (కొబ్బరిపాల కూర), ఉడికించిన కర్రపెండలం ఆకు, గుడ్లు, చేపలు, ఇంకా ఏవేవో వచ్చాయి. వీటన్నిటి మధ్యా ఒక చిన్న గిన్నెలో సంబల్ ఇజో. సంబల్ అంటే వాళ్ళ మిరపకాయ పచ్చడి, ఇది పచ్చిమిర్చి, పచ్చి టమాటా, చిన్న ఉల్లిపాయలు కచ్చాపచ్చాగా నూరి నూనెలో మగ్గించింది. అక్క రెండోసారి అన్నం పెట్టించుకుంది దానికోసమే.

మధ్యాహ్నం పాత రేవు వైపు, మ్యూజియం బహారీకి వెళ్ళాం. 17వ శతాబ్దంలో డచ్ ఈస్టిండియా కంపెనీ కట్టడం మొదలుపెట్టిన సరుకుల గిడ్డంగులు అవి, మందపాటి గోడలు, లోపల లావుపాటి దూలాలు. మాది బందరు కాబట్టి ఈ చోటు మాకు ఊరికే చూసిపోయేది కాదు. డచ్చివాళ్ళు 1605లోనే బందరులో స్థావరం పెట్టుకున్నారు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ మా ఊళ్ళో ఉన్నాయి. మన తీరంలో నేసి అద్దకం వేసిన బట్టల్ని ఓడలకెక్కించి, ఈ దీవుల్లో వాటిని ఇచ్చి లవంగాలూ జాజికాయా కొనేవాళ్ళు. జాజికాయ అప్పట్లో ప్రపంచం మొత్తానికి ఒక్క బందా దీవుల నుంచే వచ్చేది. దానికోసం 1621లో కోయెన్ అనే గవర్నర్ జనరల్ సైన్యంతో వెళ్ళి ఆ దీవుల జనాన్ని ఊచకోత కోసి తోటలు లాక్కున్నాడు. 1667లో ఇంగ్లీషువాళ్ళతో కుదిరిన బ్రెడా ఒప్పందంలో, బందా దీవుల్లో రున్ అనే బుల్లి దీవి డచ్చివాళ్ళకే ఉండిపోయింది, మాన్‌హాటన్ ఇంగ్లీషువాళ్ళకి ఉండిపోయింది. మా బామ్మ పోపులపెట్టెలో ఉండే జాజికాయ వెనక ఇంత రక్తం ఉందని బందరు బళ్ళో మాకెవరూ చెప్పలేదు, చెప్పి ఉండాల్సింది.

శనివారం, రైల్లో

గంబీర్ స్టేషన్ నుంచి యోగ్యకర్తకి పగటి రైలు. ఆరేడు గంటలు పడుతుంది, శుభ్రంగా ఉంటుంది, కిటికీ బయట జావా వరిచేలు. సాయంత్రానికి దిగి నిద్రపోయాం.

ఆదివారం, యోగ్యకర్త

పొద్దున్నే విజిలాన్ వీధికి గుడెగ్ తినడానికి. లేత పనసకాయను కొబ్బరిపాలు, తాటిబెల్లం లాంటి బెల్లం, ధనియాలు, దుంపరాష్ట్రం వేసి రాత్రంతా సన్నమంట మీద ఉడికిస్తారు. ముదురు గోధుమరంగు రావడానికి కుండలో టేకాకులు వేస్తారు. లేత టేకాకు నలిపితే అరచెయ్యి ఎర్రగా అవుతుంది కదా, ఆ రంగే. మన పనసపొట్టు కూరకు అలవాటుపడ్డ నోటికి ముందు దాని తీపి వింతగా ఉంటుంది. ఆవ పెట్టిన ఘాటు ఎక్కడా లేదు. కానీ పక్కన మిరపకాయల కూర, ఉప్పగా గుడ్డు, పైన చిక్కటి కొబ్బరి మీగడ కలిపి తింటే ఆ తీపి ఎందుకుందో అర్థమవుతుంది. వాళ్ళు పక్కన పెట్టే క్రెచెక్ పశువుల తోలుతో చేస్తారు, వద్దనుకునేవాళ్ళు ముందే చెప్పాలి. ఇద్దరం కడుపునిండా తింటే మన డబ్బుల్లో మూడొందలు కూడా కాలేదు.

అక్కణ్ణుంచి బెరింగ్‌హర్జో బజారు. అక్కకి బజార్లంటే ప్రాణం, బందరులోనైనా ఇంతే, కూరగాయలవాళ్ళతో గంటలు గంటలు మాట్లాడుతుంది. ఇక్కడ భాష రాకపోయినా సైగలతో కెంచుర్ దుంపలు కొని వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టింది. “ఏమే, ఇది సున్నిపిండిలో కచ్చూరాల వాసన కదూ!” నిజంగానే. మనం ఒంటికి రాసుకునే ఆ వాసనని వీళ్ళు కూరలో వేసుకుంటారు. అరటాకుల్లో చుట్టిన టెంపే చూశాం. ఉడికించిన సోయాగింజలకు ఒకరకం బూజు పట్టించి ఒకటి రెండు రోజులు ఉంచితే తెల్లగా అల్లుకుని గట్టి బిళ్ళ అవుతుంది, జావావాళ్ళ రోజువారీ తిండి అదే. జాము అనే మూలికల పానీయం అమ్మే ఆడవాళ్ళు సీసాల వరస పెట్టుకుని కూర్చున్నారు. పసుపు, చింతపండు కలిపిన జాము ఒక్కో గ్లాసు తాగాం, పుల్లగా, మట్టివాసనతో, చివర్న కాస్త వగరుగా. ఈ జాము సంప్రదాయాన్ని యునెస్కో 2023లో తన జాబితాలో చేర్చింది.

ఆ బజార్లోనే నల్లరాతి రోళ్ళు కనబడ్డాయి, చొబెక్ అంటారు. మనవాటిలా లోతుండదు, పళ్ళెంలా వెడల్పు, వంకర పిడి ఉన్న పొత్రం. ఊరికి దగ్గర్లోని ముంతిలాన్‌లో మెరాపి అగ్నిపర్వతం రాతితో చెక్కుతారు. సంబల్ దంచరు, మణికట్టు తిప్పుతూ రుద్దుతారు. అందుకే మిరపతోలు పీచులాగా మిగిలి, గింజ నలగకుండా ఉంటుంది. మిక్సీలో వేస్తే రాదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఉబుద్‌లో దీనితో పని ఉంది.

సోమవారం, బాలి

పొద్దున విమానం. బాలికి వచ్చే విదేశీయులు 2024 ఫిబ్రవరి నుంచి లక్షా యాభై వేల రుపియా విడిగా కట్టాలి, ఆన్‌లైన్‌లో ముందే కట్టేస్తే క్యూ ఉండదు. ఎయిర్‌పోర్ట్ నుంచి ఉబుద్ ముప్పై అయిదు కిలోమీటర్ల పైమాటే గానీ ట్రాఫిక్ వల్ల రెండు గంటలు పట్టింది.

ఆ పూట ఏమీ చేయలేదు. రాత్రి పక్కనే ఉన్న వరుంగ్‌లో చేప, అన్నం, సంబల్ మాతా తిన్నాం. ఇది నూరేదే కాదు. చిన్న ఉల్లిపాయలు, నిమ్మగడ్డి, మిరపకాయలు సన్నగా తరిగి, కాల్చిన తెరాసి (ఎండురొయ్యల ముద్ద) చిదిమి వేసి, పైన కాగిన కొబ్బరినూనె పోసి చేత్తో కలుపుతారు. కోస్తావాళ్ళకి ఎండురొయ్యల వాసన కొత్త కాదు కాబట్టి మాకు మొదటి ముద్దకే కలిసిపోయింది.

మంగళవారం, కుసంబా, రాత్రి ఉబుద్

ఉదయం తూర్పు తీరంలోని కుసంబాకి వెళ్ళాం, ఉప్పు చూడ్డానికి. నల్ల ఇసుక తీరం. కావడితో సముద్రపు నీళ్ళు మోసుకొచ్చి ఇసుక మీద చల్లుతారు, ఎండాక ఆ ఇసుకను చెక్కతొట్లో వేసి మళ్ళీ నీళ్ళు పోసి వడగడతారు, దిగిన చిక్కటి ఉప్పునీటిని చీల్చి తొలిచిన కొబ్బరిమొద్దుల్లో పోసి ఎండబెడతారు. చినగంజాంలోనూ మా బందరు పక్కనా ఉప్పుమళ్ళు చూసినవాళ్ళం, ఆ పనిలో నడుం ఎలా పోతుందో తెలుసు. ఈ పని చేసేవాళ్ళు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు. ఈ ఉప్పే రాత్రి మా బల్ల మీద ఉంటుందని రెస్టారెంట్ వాళ్ళు ముందే మెయిల్లో రాశారు, అందుకే వచ్చాం.

ఇప్పుడు అసలు సంగతి. రెస్టారెంట్ పేరు రాయడం లేదు, వాళ్ళ మెనూ కొన్ని వారాలకోసారి మారిపోతుంది, నేను తిన్నది మీరు వెళ్ళినప్పుడు ఉండదు. కానీ ఈ దారి వేసినవాళ్ళ పేర్లు చెప్పాలి. ఉబుద్‌లో 2013లో ఏల్కె ప్లాస్‌మేయర్ అనే డచ్ షెఫ్, జకార్తా నుంచి వచ్చిన రే ఆద్రియాన్‌స్యా కలిసి లోకావోర్ అనే రెస్టారెంట్ తెరిచారు. దిగుమతి సరుకు మానేసి చుట్టుపక్కల రైతులు, జాలర్లు ఇచ్చేదానితోనే వండాలన్నది వాళ్ళ పట్టుదల. ఆసియా 50 ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలోకి వెళ్ళారు, 2023లో ఆ చోటు మూసి, ఊరికి దక్షిణాన లొద్‌తుందుహ్‌లో లోకావోర్ నెక్స్ట్ పెట్టారు. జకార్తాలో ఆగస్ట్ అనే రెస్టారెంట్‌కి అదే జాబితా 2023లో ‘చూస్తూ ఉండవలసిన చోటు’ అన్న గుర్తింపు ఇచ్చింది. ఒకప్పుడు ఇండోనేషియాలో ఖరీదైన భోజనం అంటే ఫ్రెంచి వంటో, జపాన్ వంటో. ఇప్పుడు వాళ్ళ వంటే ఆ బల్ల మీదికొచ్చింది.

మేం కౌంటర్ దగ్గర కూర్చున్నాం, ఎదురుగా వంటిల్లు. బల్ల మీద దేశపటం ఉన్న కాగితం, పదిహేడు వేల దీవులున్న దేశం కదా, ఒక్కో వంటకం ఏ దీవిదో దానిమీద చుక్క పెట్టి ఉంది. మాకు వడ్డించిన అమ్మాయి తూర్పు జావా నుంచి వచ్చింది. మద్యం వద్దన్నాం కాబట్టి సలాక్ పండు పులియబెట్టిన పానీయం, జాము, గోంగూర జాతిదే అయిన రోజెల్లా పువ్వు నీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పోశారు.

ముందు వచ్చినవి చిరుతిళ్ళు. ఒక్క నోటిముక్క టెంపే, బాగా ముగ్గబెట్టి పల్చగా కోసి వేయించింది. చూడ్డానికి బాగుంది గానీ బజార్లో అరటాకు విప్పగానే వచ్చిన ఆ వాసన ఇందులో లేదు. తర్వాత గొహు, ఉత్తర మలుకు దీవుల వంటకం, పచ్చి ట్యూనా చేపను నిమ్మరసం, ఉప్పు, తులసిజాతి ఆకుతో కలిపి ఉంచుతారు. మా కళ్ళముందే చిన్న ఇనప గరిటెలో మిరపకాయ, ఉల్లిపాయ వేసి కాచిన కొబ్బరినూనెను ఆ ముక్కల మీద పోశాడు షెఫ్, చుయ్యిమంది, చేప అంచులు తెల్లబడ్డాయి, మధ్యలో ఎర్రగానే ఉంది. ఉప్పు కుసంబాదే. పచ్చిచేప నేను తింటానని ఎప్పుడూ అనుకోలేదు, నిమ్మపులుపూ నూనె వేడీ కలిసి దాన్ని సగం వండేశాయి. ఇది బాగా నచ్చింది.

మూడోది సుమత్రాలో తోబా సరస్సు దగ్గరి బతక్ వాళ్ళ అర్సిక్. చేప, పసుపు, అల్లంజాతి పువ్వు కెచొంబ్రాంగ్, అండలిమన్ అనే అడవి మిరియం. అండలిమన్ కొరికితే కారం కాదు, నాలుక చివర జివ్వుమని తిమ్మిరి ఎక్కాలి. ఇక్కడ ఆ తిమ్మిరి ఎంతసేపు వెతికినా రాలేదు. రంగుంది, వాసనుంది, దమ్ము తగ్గించేశారు. బయటిదేశాలవాళ్ళు ఎక్కువగా వస్తారు కాబట్టి జాగ్రత్తపడ్డారేమో, నాకు మాత్రం బాధ కలిగింది. ఆ మిరియం లేకపోతే అర్సిక్‌లో ఇంకేముంది?

తర్వాత వచ్చినదాని కోసం మాత్రం మళ్ళీ ఆ సముద్రాలు దాటి వెళ్తాను. క్లువాక్. అడవిచెట్టు గింజ, పచ్చిగా తింటే సయనైడ్ విషం. ఉడకబెట్టి, బూడిదలో, మట్టిలో నలభై రోజులు పాతిపెడితే విషం పోయి లోపలి గుజ్జు తారులాగా నల్లబడుతుంది. మాకు వడ్డించే అమ్మాయి ఒక గింజను మా ముందే చిన్న సుత్తితో కొట్టి, పెంకు సందులోంచి సన్నటి చెంచాతో ఆ గుజ్జు తీసి చూపించింది, వాళ్ళమ్మ ఇంట్లో ఒక్కో గింజా ముందు రుచి చూసి, చేదెక్కినది పక్కన పారేస్తుందని చెప్పింది. తూర్పు జావాలో దీనితో రవోన్ అనే నల్లటి పులుసు చేస్తారు, మామూలుగా గొడ్డుమాంసంతో. మేం ముందే చెప్పాం కాబట్టి మాకు పుట్టగొడుగులతో చేశారు. గిన్నెలో నల్లటి చారు, పైన పెసరమొలకలు, ఉప్పుగుడ్డు పచ్చసొన తురుము. అంతే. నురగలు లేవు, పువ్వుల అలంకరణ లేదు. మొదటి చెంచాకి కాస్త చేదు, వెంటనే నిమ్మగడ్డి, ఆ తర్వాత ఎక్కడో లోపలి నుంచి బరువైన కమ్మదనం. అక్క గిన్నె వంచి తాగేసింది.

ఆ తర్వాత బాతు బెతుతు, బాలివాళ్ళ పండగ వంట. బాతు లోపలా బయటా మసాలాముద్ద పట్టించి, పోకపట్టలో చుట్టి, ఊక నిప్పుల్లో గంటల తరబడి మగ్గబెడతారు. ఇక్కడ కూడా ఊకలోనే చేశారని పొగ వాసనే చెప్పింది. మాంసం ఎముక నుంచి దానంతటదే ఊడొచ్చింది, బాలిలోనే జాతిలువిహ్ అనే ఊళ్ళో పండే ఎర్రబియ్యపు అన్నంతో పెట్టారు. కానీ పక్కన సంబల్ మూడంటే మూడు చుక్కలు, చెంచా వెనకవైపుతో దిద్దినట్టు. అక్క ఊరుకోలేదు. “అమ్మాయ్, ఈ చుక్కలతో అన్నమెలా తింటామమ్మా, కాస్త ఎక్కువ తీసుకురావా” అని తెలుగూ ఇంగ్లీషూ కలిపి అడిగింది. ఆ పిల్ల నవ్వి లోపలికెళ్ళి, సిబ్బంది భోజనం కోసం నూరుకున్న సంబల్‌ని రాతిరోటితో సహా తెచ్చి మా మధ్యన పెట్టింది. మిరపతోలు పీచులుగా, తెరాసి వాసన గుప్పుమని. ఆ రాత్రి తిన్నవాటిలో అది క్లువాక్ తర్వాతి స్థానం. కౌంటర్ అవతల షెఫ్ కూడా చూశాడు, రేపటి నుంచి ఇలాగే పెట్టనా అని అడిగాడు, పెట్టమని ఇద్దరం ఒక్కసారే అన్నాం.

చివర్లో జాజికాయ. గింజ కాదు, దానిపైనుండే పండు కండ, చక్కెరలో ఊరబెట్టి, బెల్లం ఐస్‌క్రీమ్‌తో. మనకి ఎండుగింజా జాపత్రీ తెలుసు గానీ ఆ పండు కండ తింటారని నాకు తెలియదు, పుల్లగా కరకరలాడుతూ ఉంది. కాగితంలో చుక్క బందా దీవుల మీదుంది. మాది ఏ ఊరో చెప్పి, ఆ బట్టల వ్యాపారం సంగతి ఆ అమ్మాయికి చెప్పాను. తను వెళ్ళి షెఫ్‌ని పిలుచుకొచ్చింది, బట్టలిచ్చి జాజికాయ కొన్నారన్న సంగతి అతనికి తెలుసు, ఆ బట్టలు ఏ తీరానివో మాత్రం ఇప్పుడే విన్నానన్నాడు.

గదికి నడుస్తూ మేమిద్దరం మాట్లాడుకున్నది మన వంట గురించే. ఉలవచారుకి, గోంగూరకి, చింతచిగురు రొయ్యలకి, తెలంగాణ సర్వపిండికి ఇలా ఒక కౌంటర్, ఒక పటం, ఏ ఊరి మిరపో ఏ ఊరి బెల్లమో చెప్పే మనిషి ఎందుకుండకూడదు? హైదరాబాద్ పెద్ద హోటళ్ళలో మన వంట బఫేలో ఒక మూలకే ఉంటుంది, పెళ్ళి భోజనాల్లో దొరికే శ్రద్ధ కూడా అక్కడ దొరకదు. చేయగలిగిన కుర్రాళ్ళు మనకున్నారు. అడిగి తినేవాళ్ళం మనమే పెరగాలి.

బుధవారం, ఉబుద్

పొద్దున వరుంగ్‌లో నాసి చాంపూర్, అన్నం చుట్టూ నాలుగైదు కూరలు, యాభై వేల రుపియా. రాత్రి బిల్లు ఒక్కొక్కరికి పన్నెండు లక్షల రుపియా, దానిమీద పన్ను, సర్వీసు కలిపి ఇరవై ఒక్క శాతం, మన డబ్బుల్లో ఏడున్నర వేల పైన. మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే ఆ శాతం విడిగా పడుతుందని అర్థం, బాలిలో చాలాచోట్ల ఇదే పద్ధతి. ఆ డబ్బుకి అది విలువైనదేనా అంటే, క్లువాక్, గొహు, బాతు మూడింటికీ అవును, టెంపేకీ అర్సిక్‌కీ కాదు. వాసనా కారమూ పూర్తిగా ఉంచినచోటల్లా వాళ్ళు గెలిచారు, తగ్గించినచోట వరుంగే మేలు.

వెళ్ళేవాళ్ళకి: బుక్ చేసేటప్పుడే గొడ్డుమాంసం, పందిమాంసం వద్దని రాయండి, బాలిలో పంది చాలా వంటల్లో ఉంటుంది, కొవ్వుగా కూడా. కౌంటర్ సీటే అడగండి. పూర్తి శాకాహారులకి కూడా వండుతారు గానీ తెరాసి వద్దని విడిగా చెప్పాలి, అది సంబల్‌లో కనబడకుండా కలిసిపోతుంది. ఒక్క రాత్రికే డబ్బుంటే పానీయాల జత మానేసి భోజనమే తీసుకోండి, మిగిలిన డబ్బుతో యోగ్యకర్తలో వారం రోజులు తినొచ్చు.